పెళ్లిచీర అంచు

యుద్ధం మొదలయ్యాక శత్రువులు కంప్యూటర్లో తయారుచేసిన మనవాళ్ల గొంతులతోనే ఫోన్లు చేసి జనాన్ని ఆరుబయటికి రప్పిస్తున్నారు. గుంపు చేరగానే డ్రోన్లు వస్తాయి. అందుకే ఏ ఫోనొచ్చినా ముందు ఇంటివాళ్లకే తెలిసిన ప్రశ్న ఒకటి అడగాలి.

నేను బియ్యం కడుగుతుంటే పక్కింటి కస్తూరి చెప్పులేసుకుని, సంచీతో వచ్చింది.

"వదినా, స్కూలు మైదానానికి రమ్మని మా ఆయన ఫోన్ చేశారు. బస్సులు పెట్టారట. మీరూ రండి."

"ప్రశ్న అడిగావా?"

"నా పెళ్లిచీర అంచేమిటని అడిగాను. చిలకపచ్చ, దాని మీద మామిడి పిందెలు అన్నారు!" ఆమె ముఖం వెలిగిపోతోంది.

"మొన్న నీ పుట్టినరోజే మర్చిపోయిన మనిషి, పదకొండేళ్ల నాటి చీర అంచు చెప్పాడా? మీ పెళ్లి ఫోటోలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదమ్మా, వాళ్లు చూసే ఉంటారు."

కస్తూరి సంచీ కింద పెట్టి, చెప్పులు విప్పేసింది.

ఆమె ఫోన్ మళ్లీ మోగింది. స్పీకర్ పెట్టింది. "కస్తూరీ, ఇంకా బయల్దేరలేదా? నీకోసమే చూస్తున్నాను" అంది ఆ గొంతు.

"కట్ చెయ్యి" అన్నాను.

"ఒక్క నిమిషం వదినా. ఆయన నన్నెప్పుడూ ఇంత మెత్తగా పిలవలేదు" అంటూ ఫోన్ చెవికి ఆనించుకుంది.