మేడగదిలో గొంతులు

ఒక్కణ్ణే అని చెప్పి మేడగదిలో చేరిన కేదార్, ఇంకొకరిని తెచ్చి పెట్టుకున్నాడు. ఆ ఇంకొకరు ఆడపిల్ల.

ఇంటి యజమాని జోగారావుకు ఇందులో సందేహమేమీ లేదు. భార్య జానకీదేవి పోయిన దగ్గర్నుంచి ఆయనకు మనుషుల మీద నమ్మకం పోయింది. తన చెవుల మీద మాత్రం ఉంది.

గది అడగడానికి వచ్చిన రోజే తేడాగా అనిపించింది.

"అమీర్‌పేటలో అడుగుకో హాస్టలుంది. నీకు విడిగా గదెందుకు?"

"హాస్టల్లో గదికి ఐదారుగురుంటారండి. ఫోన్ మాట్లాడుకోవడం కుదరదు."

"అంత చాటుగా ఎవరితో మాట్లాడాలి?"

"ఇంటికేనండి."

ఆ మాట నమ్మకపోయినా గది ఇచ్చాడు. వేసవి నుంచి ఖాళీగా పడి ఉంది మరి.

"ఆడపిల్ల నా మెట్లెక్కిందో, నీ సామాను రోడ్డు మీద ఉంటుంది."

"ఎక్కదండి," అన్నాడు కేదార్. మాట బావిలోంచి చేదుకున్నట్టు వచ్చింది.

పంజాగుట్టలో ఏదో కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగం అతనిది. రోజూ పొద్దున్నే డాబా మీద నిలబడి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "ఊఁ..." అని సాగదీసేవాడు. తర్వాత పేపరు తెరిచి వార్తలు పైకి చదివేవాడు. వాక్యం చివర గొంతు సన్నగా జారిపోతే, మళ్ళీ మొదటికి వెళ్ళి దించి చదివేవాడు.

"ఏంటయ్యా ఆ మూలుగు?"

"సాధనండి. గొంతు దించుకుంటున్నాను."

"పాటలకా?"

"మాటలకేనండి. ఆఫీసులో ఫోనెత్తితే అవతలివాళ్ళు మేడమ్ అంటున్నారు. అనకూడదు కదండీ."

కింద కిరాణాకొట్టు కమాల్ ఇది విని నవ్వాడు.

"అమీర్‌పేట అన్నా గిది. జావా నేర్పుతరు, ఇంగ్లీషు నేర్పుతరు. మొగగొంతు సుత నేర్పుతరు కావచ్చు."

జోగారావు నవ్వలేదు. ఆయనను కుదిపేస్తున్నది పొద్దుటి గొంతు కాదు.

దీపాలు పెట్టే వేళకు, మూసిన తలుపు వెనక, ఇంకో గొంతు వినపడేది. సన్నగా, గలగలమంటూ. మాటలు అందేవి కావు, నవ్వు అందేది.

"కమాల్, నీ కొట్టు మెట్ల పక్కనే ఉంది. పైకి ఎవత్తె పోతోంది?"

"ఎవరూ పోతలేరన్నా. గా పోరడు మస్తు షరీఫ్. మొన్న నా బియ్యం బస్తా సుత మోసిండు."

"అదే నా అనుమానం. ఊరికే ఎవడు మోస్తాడు?"

"నీకు మోస్తే అనుమానం, మొయ్యకుంటే అనుమానం. జర నిద్ర పో అన్నా."

జోగారావు నిద్రపోలేదు. ఆ శుక్రవారం దీపాలవేళ చెప్పులు కిందే వదిలి మెట్లెక్కాడు. లోపల నవ్వు. తలుపు మీద గట్టిగా కొట్టాడు. నవ్వు ఆగింది. తోశాడు.

చాప మీద కేదార్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో సెల్‌ఫోను.

"ఏదిరా ఆ పిల్ల?"

"ఎవరూ లేరండి." బరువైన గొంతు.

మంచం కింద చూశాడు. స్నానాలగదిలో చూశాడు. కిటికీలోంచి చూస్తే పక్కింటి డాబా చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

"దూకించావన్నమాట."

"దూకడానికి ఎవరున్నారండీ?"

"నా చెవులతో విన్నాను. నా చెవులు అబద్ధం చెబుతాయా?"

కేదార్ చాప మీంచి లేచాడు.

"గది మాత్రం తీసెయ్యకండి బాబాయిగారూ. ఇంకెక్కడా నాకు కుదరదు."

"అబద్ధాలకోరుకు నా ఇంట్లో చోటు లేదు. పొద్దున్నకల్లా ఖాళీ చెయ్."

పొద్దున్న కేదార్ వెళ్ళిపోయాడు. ఏదో హాస్టల్లో చేరాడని కమాల్ అన్నాడు. ఏ హాస్టలో తెలియదు.

కొన్నాళ్ళకు ఇంట్లో ఫోన్ మోగింది.

"జోగారావుగారేనా అండీ? రేపల్లె నుంచి భూలక్ష్మినండి. మా సంహిత మీ మేడగదిలో ఉంటుంది."

దొరికారు, అనుకున్నాడు జోగారావు.

"ఉండేది. మీ అమ్మాయినీ, వాణ్ణీ కలిపి పంపించేశాను. పిల్లని అలాగేనా పెంచేది?"

"వాడెవడండీ? మా పిల్ల ఒక్కతే కదా. అవసరమొస్తే చెయ్యమని మీ నంబరు అదే ఇచ్చింది. విడిగా గది దొరికింది, ఇక రోజూ నీతో మాట్లాడతానమ్మా అని ఎంత సంబరపడిందనుకున్నారు. రోజూ దీపాలవేళ చేసేది. ఆఖరిసారి నేనేదో అంటే నవ్వుతోంది, ఎవరో తలుపు కొట్టారు. ఇంటాయన వచ్చారు, మళ్ళీ చేస్తానని పెట్టేసింది. అంతే. నేను చేస్తే తియ్యదు. చుట్టూ జనం ఉన్నారని ఏదో రాసి పంపుతుందట. నాకు చదువు రాదు. దాని గొంతు వినకపోతే నాకు ముద్ద దిగదండీ."

జోగారావు మేడమెట్ల వైపు చూశాడు.

"మీరు రోజూ చూసినవారు. ఎలా ఉంది మా పిల్ల?"

"మంచి మనిషమ్మా," అన్నాడు చివరికి.

"మరి వాడెవడో అన్నారు..."

"పొరబడ్డాను. గదిలో ఇంకెవరూ లేరు."

మర్నాటి నుంచి అమీర్‌పేట హాస్టళ్ళు ఒక్కొక్కటీ తిరిగాడు. కేదార్ అన్నవాడు ఎక్కడా లేడన్నారు.

ఎండన పడి తిరిగొచ్చిన ఆయనకు కమాల్ మంచినీళ్ళిచ్చాడు.

"గా పోరి ఎవరో తెలిసిందా అన్నా?"

"ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

పొద్దున కష్టపడి దించుకున్న గొంతును సాయంత్రం తల్లి కోసం మళ్ళీ పైకి తెచ్చుకున్నది కేదారేనని జోగారావు కమాల్‌కు చెప్పలేదు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.