ఫారంలో నాలుగో గడి

ఊఁ, రాస్తున్నావా అమ్మలూ? మెల్లగానే చెబుతాను. నా మాట ఎప్పుడూ మెల్లగానే వస్తుంది, నీ పెన్ను తొందరపడక్కర్లేదు. మీ నాన్న సంగతి కూడా ఇందులో వస్తుంది. కోపం తెచ్చుకోకు. ఇంటిపన్ను మారకముందు నుంచే నన్ను తాతా అని పిలిచిన దానివి నువ్వొక్కదానివే, అందుకే నీతో రాయిస్తున్నాను.

పన్ను మారిందని వీధంతా గుప్పుమన్న రోజు గుర్తుందిగా? ఇంట్లో సొంతవాళ్ళే ఉంటే ఒక రేటు. ఒక్క గది అద్దెకిచ్చినా ఇల్లు మొత్తానికీ మూడింతలు. ఆఫీసరు ఇంటింటికీ వచ్చి, ఎవరెవరుంటున్నారో, యజమానికి ఏమవుతారో రాసుకుంటాడన్నారు. ఫారంలో నాలుగో గడి అదే. సంబంధం.

అంతే. తెల్లారేసరికి వీధి వీధంతా చుట్టాలైపోయింది. ఛీ! మూలింట్లో అద్దెకుండే టైలరు ఓనరుకి బావమరిది అయ్యాడు. మొన్నటిదాకా కుళాయి దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్న ఇద్దరు తోడికోడళ్ళయ్యారు. అదొక్కటీ నమ్మేలా ఉంది. ఎదురింటావిడకి ఆడపిల్లలే లేరు, మేడ మీదుండే కుర్రాళ్ళిద్దరూ అల్లుళ్ళట!

అప్పుడొచ్చాడు మీ నాన్న నా గదిలోకి. ఎనిమిదేళ్ళలో ఒకటో తారీఖున కాకుండా రావడం అదే మొదలు.

"తాళాలాయనా, మూడింతలంటే నా వల్ల కాదు. మీరు మా నాన్నగారన్నా అవ్వాలి, గదన్నా ఖాళీ చెయ్యాలి. ఏదో ఒకటి చెప్పండి."

నేను బాగుచేస్తున్న తాళంలో చెవి తిప్పుతూ కూర్చున్నాను.

"మీకెలాగూ ఎవరూ లేరన్నారుగా. కాదనడానికి ఎవరొస్తారు?" అన్నాడు మళ్ళీ తనే.

డెబ్బై ఎనిమిదేళ్ళవాణ్ణి. తాళాలపెట్టె నెత్తిన పెట్టుకుని ఏ గుమ్మం ఎక్కను? ఒంటరి ముసలివాడికి గది ఎవడిస్తాడు? సరేనన్నాను.

ఆ సాయంత్రమే రిహార్సలు.

"నన్ను 'ఒరేయ్' అనాలి. ఏదీ, అనండి."

"ఒరేయ్ ఓనరు గారూ."

"గారూ ఏంటండీ! కొడుకుని గారూ అంటారా ఎవరైనా?"

"తండ్రిని తాళాలాయనా అంటారా మరి?"

తలుపు వెనక నువ్వు కిసుక్కున నవ్వావు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

మర్నాడు పదకొండింటికి ఆఫీసరు వీధిలోకొచ్చాడు. గొంతు పెద్దది. నాలుగిళ్ళ అవతల ఉండగానే వినబడింది. నా చేతిలో తాళం జారి కింద పడింది.

"బావమరిదా? అయితే మీ అక్క పేరేంటి?" అని టైలరుని దబాయిస్తున్నాడు. టైలరు నీళ్ళు నమిలాడు. ఆ ఇంటికి మూడింతలూ పడింది. మీ నాన్న మొహంలో నెత్తుటిచుక్క లేదు.

తర్వాత ఆఫీసరు మనింటికొచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో టేపు, పలచబడిన జుట్టు. మనింట్లో అందరి పేర్లూ వయసులూ గుచ్చి గుచ్చి అడిగాడు. చివరికి నా గుమ్మం దగ్గరికొచ్చాడు. ఆగిపోయాడు.

"మా నాన్నగారండీ," అన్నాడు మీ నాన్న, నా భుజం మీద చెయ్యేసి.

ఆఫీసరు నా పేరు అడగలేదు. వయసూ అడగలేదు. తల వంచుకుని రాసేసుకున్నాడు. ముసలాళ్ళంటే లెక్కలేదులే వీడికి అని మీ నాన్న తర్వాత నవ్వాడు.

"పెద్దాయనా, మీరు చెప్పండి. ఈయన మీ అబ్బాయేనా?"

"అవును బాబూ."

"ఇంకెవరూ లేరా మీకు, పిల్లలు?"

మీ నాన్న వేళ్ళు నా భుజాన్ని నొక్కాయి.

"లేరు. ఒక్కడే. వీడే."

పెన్ను ఆగిపోయింది. ఇంకు అయిపోయిందేమోనని మీ అమ్మ పరుగెత్తుకెళ్ళి ఇంకోటి తెచ్చింది. అతను తీసుకోలేదు. టేపు లాగి నా గది కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పది అడుగుల గది, ఎన్నిసార్లు కొలిస్తే పెరుగుతుంది?

"కళ్ళు బాగానే ఆనుతున్నాయా, ఈ తాళాల పనికి?"

"అది కూడా ఫారంలో ఉందా?" అన్నాను.

"లేదు," అన్నాడు. నాలుగో గడిలో 'తండ్రి' అని రాసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

"అదరగొట్టారండీ!" అని మీ నాన్న నా చెయ్యి ఊపేశాడు. ఆ కొడుకుతనం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఒకటో తారీఖున వచ్చి అద్దె పట్టుకెళ్ళాడు. గది నిలిచింది. నోట్లో మాత్రం ఆ రోజు నుంచీ తుప్పు రుచి. ఎంత పుక్కిలించినా పోదు. ఊరికే వీధినంతా ఛీ కొట్టాను. పాపం, ఆ టైలరు లేని చుట్టాన్ని ఉన్నాడన్నాడు, అంతేగా!

ఇక చాలు, మడిచెయ్యి. రేపు ఈ కాయితం పన్నాఫీసుకి పట్టుకెళ్ళి, ఆ ఆఫీసరుకి నువ్వే చదివి వినిపించు అమ్మలూ. మీ నాన్నకి మూడింతలు పడుతుందేమోనని భయపడకు. నేనన్నది అబద్ధమని ఆఫీసరుకి అప్పుడే తెలుసు, నాకున్న ఒక్క కొడుకూ వాడే.