ఎత్తకూడని చేతులు

"ఏమండీ, మన అబ్బాయి సైలస్ పెళ్లికి ఒప్పుకున్నాడు," అంది వసంతకుమారి, కారు ఇంకా తమ ఊరు క్యారీ దాటకముందే.

సత్యానందం కనుబొమ కూడా కదల్లేదు. "సరే. సీట్‌బెల్ట్ సరిగా పెట్టుకో," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"పాసయ్యారు," అని నవ్వేసింది ఆవిడ.

ఈ పరీక్షల వెనక ఒక అవమానం ఉంది. మందుల కంపెనీలో కెమిస్టుగా రిటైరయ్యాక, ఊరికే కూర్చోలేక సత్యానందం కెండో నేర్చుకున్నాడు. వెదురు కత్తి, ముఖానికి ఇనప కమ్మీల ముసుగు, జపాన్ వాళ్ల కత్తిసాము. కిందటేడు షార్లెట్ నగరంలో జరిగిన పోటీల్లో, పెద్దల విభాగంలో, ప్రత్యర్థి నడినెత్తిన ఒక్క దెబ్బ వేశాడు. పాయింటు ఇస్తూ ముగ్గురు జడ్జీల జెండాలూ పైకి లేచాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చర్చిలో పెరిగిన మనిషి. మంచి జరిగితే చేతులు వాటంతటవే లేస్తాయి. కత్తితో సహా రెండు చేతులూ ఎత్తి, "దేవునికి స్తోత్రం!" అని హాలు దద్దరిల్లేలా అరిచాడు. లేచిన జెండాలు అడ్డంగా ఊగి దిగిపోయాయి. పాయింటు రద్దయింది. ఆ తర్వాత ఓడిపోయాడు కూడా.

"దెబ్బ తగిలాక కూడా మనసు ఎదుటి మనిషి మీదే ఉండాలి," అంది నేర్పే మోరిటా మేడమ్. "సంతోషించావంటే ఆ క్షణాన నువ్వు సిద్ధంగా లేవు. సిద్ధంగా లేనివాడు వేసింది దెబ్బే కాదు."

ఆ మాట ఆయన్ని ఏడాదిపాటు నమిలేసింది. పైగా మోకాళ్లు అరిగిపోయాయి. సగం కెండో వల్ల, సగం కూతురు క్రిస్టీకి కడుపు పండాలని ఏళ్ల తరబడి మోకరించి చేసిన ప్రార్థనల వల్ల. ఇక ఆట కట్టిపెట్టమని డాక్టరు చెప్పేశాడు. ఇప్పుడు వెళ్తున్నవే ఆఖరి పోటీలు. గెలిస్తే ఈసారే గెలవాలి.

అందుకని వసంతకుమారి రంగంలోకి దిగింది. వేళాపాళా లేకుండా ఉత్తుత్తి శుభవార్తలు చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో ఆయన ప్రతిసారీ పప్పులో కాలేశాడు. సంఘపెద్దగా ఎన్నుకున్నారంటే పులుసు గరిటెతో సహా చేతులెత్తేశాడు. రానురాను గట్టిపడ్డాడు. ఎంతగానంటే, చర్చిలో ఎవరో తమ బిడ్డకి మెడిసిన్‌లో సీటొచ్చిందని సాక్ష్యం చెబుతుంటే బిగదీసుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు ఇంటికి ఫోన్ చేసి ఒంట్లో బాగుందా అని అడిగారు.

గ్రీన్స్‌బరో దగ్గర రెండో పరీక్ష పెట్టింది. "మేడమ్ మెసేజ్ పెట్టింది. మీ ప్రత్యర్థి రావట్లేదట. ఆడకుండానే గెలిచారు."

"మంచిది," అన్నాడాయన.

ఇంకాస్త దూరం పోయాక గ్యాస్ స్టేషన్‌లో ఆగారు. ఆయన రెస్ట్‌రూమ్‌కి వెళ్లొచ్చేసరికి ఆవిడ ఫోన్‌ని గుండెకి ఆనించుకుని కూర్చుంది.

"ఏమండీ... క్రిస్టీ కాల్ చేసింది. నెల తప్పిందట." గొంతు వణికింది.

సత్యానందానికి ఆ పిల్ల సంగతి కూడా పరీక్షకి వాడాలా అని కోపమొచ్చింది. ఆ కోపాన్నీ మింగేశాడు. "సరే, పద. టైమవుతోంది," అని కారు స్టార్ట్ చేశాడు.

"అది కాదండీ, నేను..."

"ఇక మాట్లాడించకు వసంతా. మనసు చెదురుతుంది."

ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. ఆపైన కిటికీ వైపు తిరిగి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటోందనుకున్నాడు.

షార్లెట్‌లో ప్రత్యర్థి వచ్చే ఉన్నాడు. మంచి పొడగరి. చాలాసేపు ఎవరికీ పాయింటు రాలేదు. ఒక్కసారి పొడగరి కత్తి మొన పక్కకి జరగ్గానే సత్యానందం గావుకేక పెట్టి దూకాడు. నడినెత్తిన ఠప్పుమంది. మూడు జెండాలూ లేచాయి. ఆయన చేతులు లేవలేదు. వెనక్కి తిరిగి, కత్తి మొన ప్రత్యర్థి గొంతుకి గురిపెట్టి, అలాగే నిలబడ్డాడు. జెండాలు దిగిపోలేదు.

వంగి నమస్కరించి బయటికొచ్చి, ముసుగు తీసి భార్య పక్కన కూలబడ్డాడు. సంతోషంతో ఒళ్లంతా తేలిపోతోంది.

"చూశావా, చేతులు లేవలేదు!"

"చూశానండీ. ఆట అయిపోయినట్టేనా? ఇక రద్దు చెయ్యరుగా?"

"చెయ్యరు. అంతా నీ చలవే. కానీ ఆ మూడో పరీక్ష మాత్రం మరీ దారుణం వసంతా. నిజంగా ఏడ్చినట్టే చెప్పావు. అయినా చెక్కు చెదిరానా?"

ఆవిడ ఆయన చేతి తొడుగులు ఒక్కొక్కటే విప్పి, చెమట పట్టిన ఆ చేతులు రెండూ పట్టుకుంది.

"మూడోది పరీక్ష కాదండీ."