బట్టీ గది గడియారం

"ఓయ్ పెద్దాయనా! ఆ కంప్యూటర్‌తో నీకేం పని?" గుమ్మంలోంచే కసిరాడు సూపర్‌వైజరు.

చీపురు చంకన పెట్టుకుని కీబోర్డు మీదికి వంగిన ముసలాయన తాపీగా తలెత్తాడు. మూడు నెలల కిందట ఈ పింగాణీ ఫ్యాక్టరీకి కాంట్రాక్టరు పంపిన మనిషి. పేరెవరూ అడగలేదు. చీపురు తాతా అంటే పలుకుతాడు.

"టైము సరిచేస్తున్నా బాబూ. ఐదున్నర గంటలు ముందుకు పోయింది. వచ్చిన రోజు నుంచీ నేనే దిద్దుతున్నా."

"ముసలి డబ్బా అది. బ్యాటరీ పోయుంటుంది."

"బ్యాటరీ కాదు బాబూ. దీన్లో రెండు సిస్టంలున్నాయి కదా. పాతది బట్టీని నడిపేది, కొత్తది మీరు పెట్టుకున్నది. లోపలి గడియారం మాత్రం ఒక్కటే. కొత్తది దాన్లో మనూరి టైము రాసిపెడుతుంది. పాతదేమో అది లోకానికంతా ఉమ్మడి టైమనుకుని ఇంకో ఐదున్నర గంటలు కలిపేస్తుంది."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"గడియారాల రిపేరు షాపండీ మాది. తప్పెక్కడుందో దొరికేదాకా నిద్రపట్టదు. కొత్త సిస్టం పెట్టి ఎన్నాళ్లయింది?"

"ఐదేళ్లు. అయితే ఏంటట?"

ముసలాయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"ఏం లేదు బాబూ. మీ పాస్‌వర్డు కొట్టండి, ఒక్క సెట్టింగు మారుద్దాం. రెండూ ఒక్క మాట మీద ఉంటాయి."

పాస్‌వర్డా! సూపర్‌వైజరు తెరకు అడ్డం వచ్చాడు. కొత్త సిస్టంలో ఆయన దొంగచాటుగా షాపుల బోర్డులు డిజైను చేస్తుంటాడు. యజమాని చెవిన పడితే ఉద్యోగం గోవిందా.

"రేపట్నుంచి పనిలోకి రాకు."

ముసలాయన బతిమాలలేదు. చీపురు మూల పెట్టి, గుమ్మం దగ్గర ఆగాడు.

"బట్టీలోకి మనుషుల్ని దింపేముందు ఆ తెర మీద టైము చూడండి బాబూ."

"చెప్పొచ్చావులే, పెద్ద ఇంజినీరువి!"

మర్నాడు పొద్దున్నే కొత్త సిస్టంలో ఒక బోర్డు పని ముగించి, సూపర్‌వైజరు పాత సిస్టంలోకి వచ్చాడు. నెలకోసారి పింగాణీ బట్టీని చల్లార్చి, మనుషులు లోపలికి దిగి మసి ఊడుస్తారు. మధ్యాహ్నం రెండింటికి కంప్యూటరే మళ్లీ మంట వెలిగిస్తుంది.

"అన్నయ్యా, మేం దిగుతున్నాం," అన్నాడు తమ్ముడు. వాణ్ణి ఈ పనిలో పెట్టించింది తనే.

"కానివ్వండి. బోలెడు టైముంది."

చేతి గడియారంలో ఎనిమిదీ ఇరవై.

టీ కలుపుకుని కూర్చున్నాడు. ఏదో వెలితిగా ఉంది. రోజూ వినబడే చీపురు చప్పుడు లేదు.

తెర వైపు చూశాడు. ఒకటీ యాభైతొమ్మిది.

"మళ్లీ ఆ పాడు బ్యాటరీ..." అని గొణుక్కుని టీ ఓ గుక్క తాగాడు.

అప్పుడు గుర్తొచ్చింది ముసలాయన మాట.

గ్లాసు విసిరేసి మంట ఆపే ఎర్ర మీట మీదికి దూకేలోగా, గోడకవతల బట్టీ భుగ్గుమంది.

గుమ్మం దగ్గరున్న ఇద్దరు బయటపడ్డారు. తమ్ముడు లోపలి కొసలో ఉన్నాడు.

ఆసుపత్రి వరండాలో సాయంత్రం దాకా డాక్టరు ఏ మాటా చెప్పలేదు. సూపర్‌వైజరు కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు.

"ఆ తాతని పిలిపించు. కాళ్లు పట్టుకుంటాను."

"ఇక రాడండీ. షాపు మూసుకుని మరీ వచ్చాడు, మీ బట్టీ గది అయితేనే ఊడుస్తానని. నిన్న వచ్చి, దొరికిందయ్యా, ఇక వెళ్తానన్నాడు."

"ఏం దొరికిందట?"

"నాలుగేళ్ల కిందట అదే బట్టీలో ఒకడు కాలిపోయాడు కదండీ. టైము చూసుకోకపోవడం వాడి తప్పేనని మీరే రిపోర్టు రాశారు."

"అవును. అయితే?"

"వాడు ఆ తాత కొడుకండీ."