మూడో అంతస్తు కంతలు

"మీ ఫ్లాటు నిండా కంతలేనండీ. వాటివల్ల తెల్లారగట్ల బిల్డింగులో ఒక్కరికీ నిద్ర లేదు," అన్నాడు అసోసియేషన్ అధ్యక్షుడు, చెవుల్లో దూది సర్దుకుంటూ.

పెద్దాయన సిగ్గుతో సగమైపోయాడు. తనింట్లో దూరిన చలిగాలి మెట్లమీదుగా బిల్డింగంతా తిరుగుతోందన్నమాట! నిజమే, లిఫ్టులో ఎవరిని చూసినా చెవుల్లో దూదే. రిటైరై ఈ ఫ్లాటుకి వచ్చాక ఆయన్ని నోరారా పలకరించినవాళ్ళు లేరు. తీరా పలకరిస్తే ఇదీ సంగతి.

"ఏం చెయ్యమంటారో చెప్పండి."

"మీరు కుర్చీలో కూర్చోండి చాలు. మేం చూసుకుంటాం."

చూసుకున్నారు కూడా. పై అంతస్తు డాక్టరమ్మ కిటికీలకి రబ్బరు పట్టీలు అంటించింది. కింది అంతస్తు ప్లీడరు నల్లకోటుతోనే బోర్లా పడుకుని గుమ్మం కింద సందు మూశాడు. ఎదురింటావిడ స్విచ్చుబోర్డుల వెనక గట్టిపడే నురుగు కొట్టింది. తాళం కన్నంలో మైనం కుక్కబోతే పెద్దాయనే ఆపాడు.

"మరి మాకు ఊపిరాడొద్దూ?"

"డాబా మీదికి వంకరటింకర గొట్టం వేశాంగా," అన్నాడు పక్క ఫ్లాటు ఇంజినీరు. "గాలికి లోటుండదు."

"మిగతా ఇళ్ళు ఎప్పుడు?"

"ముందు మీది కానివ్వండి!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

భార్య మంకీ క్యాపు కిందికి లాక్కుంది. "అడ్డుపడకండి. నా చెవులు ఇప్పటికే సగం పోయాయి."

ఇంకా ఎక్కడైనా కంతలున్నాయేమో చూసే పరీక్ష రోజొచ్చింది. గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలి లాగారు. ఇంజినీరు పొగపుల్ల పట్టుకుని మూలమూలా తిరిగాడు. పడగ్గది కిటికీ దగ్గర పొగ కాస్త వంగింది. ప్లీడరు "చచ్చాం!" అని ఒక్క గెంతు గెంతి కన్నానికి వేలు అడ్డం పెట్టాడు. ఆ వేలున్నచోట లప్పం మెత్తారు.

పొగ నిటారుగా నిలబడింది. చప్పట్లు మోగాయి. డాక్టరమ్మ కళ్ళు ఒత్తుకుంది.

పెద్దాయన చేతులు జోడించాడు. సొంత తోబుట్టువులు కూడా ఆయనకి ఇంత చెయ్యలేదు. "ఈ ముసలాడి ఇంటికోసం ఇంత కష్టపడ్డారు. మీ రుణం ఎలా తీర్చుకోను?"

"అయ్యో, అవేం మాటలండీ!" అంటూ ఫ్యాను విప్పుకుని అందరూ బయటికి నడిచారు.

వాళ్ళ వెనకే భార్య కూడా గడప దాటి, క్యాపు కిందనుంచి దూది ఉండలు తీసి అవతల పారేసి, బయటినుంచి తలుపు దగ్గరికి లాగుతూ అంది: "ఇక మీ ట్రంపెట్ ఎంతసేపు ఊదుకుంటారో ఊదుకోండి!"