బాబు మియా తలుపులు

"ప్రయాణం ఫొటో పంపుమంటే తలుపులు పంపిన్రేంది బాబు భాయ్?"

కవిత ఫోను ముందుకు చాచింది. కంపెనీ డ్రైవరు బాబు మియా మాస్కు సర్దుకుని, తను పంపిన ఫొటోలనే కొత్తగా చూసినట్టు చూశాడు.

"అదీ ప్రయాణమే గదా మేడం. యాడికి పోతే ఆడ తీస్తి."

కవితకు ఒళ్లు మండింది. అరబ్బు దేశంలో, రూవిలోని ఆ ఆఫీసులో ఫొటోల పోటీ ఆమె నెత్తిన పడి వారమైంది. కరోనాతో దారులన్నీ మూసుకుపోయిన ఆ ఏడాదిలో తమకు నచ్చిన ప్రయాణాన్ని ప్రతి ఒక్కరూ ఒక్క ఫొటోలో చూపించాలి. గెలిస్తే ఇండియాకు పోను రాను టికెట్. ఒక్కటే పంపండి మహాప్రభో అని మూడుసార్లు మెసేజ్ పెట్టినా వినే నాథుడు లేడు. ఆఫీసులోని తబ్రేజ్ విమానం కిటికీ పంపాడు. విమానాలే ఎగరని రోజుల్లో ఆయన ఏది ఎక్కాడో ఆయనకే తెలియాలి. బాబు మియా అయితే ఏకంగా నలభై ఒక్క తలుపులు పంపాడు. నాలుగింటికల్లా మేనేజరుకు గెలిచినవాళ్ల పేరు ఇవ్వాలి. ఇప్పుడే మూడున్నర దాటింది.

"అసలు గివన్నీ ఎందుకు తీసిన్రు?"

"లాక్‌డౌన్‌లో తిరిగేదానికి పర్మిట్ నాకొక్కడికే ఉండె గదా. అందరి ఇండ్లకీ ఫైళ్లు, ల్యాప్‌టాప్‌లు నేనే మోస్తి. తలుపు కాడ పెట్టి, బెల్లు కొట్టి, ఫొటో తీసుకుని దిగిపోతా ఉంటి. రేపు అందలేదంటే చూపియ్యాల గదా."

పక్క సీటులోని షీబా నవ్వింది. "ఛోడో కవితా, తీసెయ్ అవన్నీ."

షీబా పంపింది వాదీ, అంటే ఎడారి కొండల నడుమ పారే వాగు ఫొటో. పచ్చటి నీళ్లు, వెనక కొండలు, నెత్తిన టోపీ. కవిత మనసులో బహుమతి ఎప్పుడో దానికి ఇచ్చేసింది. జూన్‌లో తనకు కరోనా వచ్చి, భర్త ఇండియాలో చిక్కుకుపోయి, దార్సైట్ ఫ్లాట్‌లో ఒంటరిగా పడి ఉన్నప్పుడు రోజూ గుమ్మం ముందు అన్నం పొట్లం పెట్టింది పై అంతస్తులో ఉండే షీబాయే కదా. కోలుకున్నాక థ్యాంక్స్ చెబితే "దాందేముంది" అని నవ్విందే తప్ప గొప్పలు పోలేదు. అలాంటి మనిషికి ఒక టికెట్ ఇప్పించినా రుణం తీరదు.

"మేడం, నాకేమన్నా వస్తాదా?" బాబు మియా గొంతు తగ్గించాడు. "మనవరాలు అరీబా పుట్టి ఏడాదిన్నర. ఫోన్లో నన్ను చూస్తే ఏడుస్తాది, కొత్త మొగమని."

కవితకు జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా చిరాకేసింది.

"గట్లైతే మంచి ఫొటో తియ్యాలె గద! సరే, వీట్ల మీకు బాగ నచ్చింది ఒక్కటి చెప్పుండ్రి. జల్ది."

అతను తొందరపడలేదు. ఒక్కో తలుపునూ తీరిగ్గా జరుపుతూ పోయాడు. కవిత గడియారం చూసుకుని పళ్లు నూరింది. చివరికి ఒకచోట అతని వేలు ఆగింది.

"ఇది."

గోధుమ రంగు తలుపు. కింద ఖాళీ గచ్చు.

"ఇందుల ఏమున్నది?"

"ఏమీ లేదు మేడం. అందుకే నచ్చింది."

"నన్ను సతాయించకుండ్రి బాబు భాయ్!"

"లేదు మా, నిజంగా. ఈ గుమ్మం కాడ నేను పెట్టిన పొట్లాలు రెండు దినాలు పెట్టినట్టే ఉండె. బెల్లు కొడితే పలకలా. మూడో దినం పోతే గుమ్మం ఖాళీ. లోపల మనిషి లేచి తీసుకునిందని తెలిసి, ఆడనే మెట్ల మీద కూచుని ఏడిస్తి. ఆ దినం తీసింది ఇది."

షీబా టీ తాగొస్తానంటూ లేచి వెళ్లింది.

"ఎవరిల్లు?"

"పేరెందుకు లే మా. ఆ మనిషి బాగుండాది, అది చాలు."

"పేరు లేకుంటే పోటీల ఎట్ల పెట్టాలె? నా కర్మ!" కవిత విసుగ్గా ఫొటోను పెద్దది చేసింది. తలుపు మీద ఇత్తడి అంకెలు కనిపించాయి.

అది కవిత ఇంటి తలుపే.