స్టీరింగ్ పలకడం లేదు

తప్పు బండిదైతే డ్రైవర్ యాదయ్య కొలువు నిలుస్తుంది. యాదయ్యదైతే తాళంచెవి ఇచ్చేసి సొంతూరు మామిడిపల్లికి బస్సెక్కాలి. ఏదో ఒకటి తేల్చవలసినవాడు మెకానిక్ అనంతయ్య.

నిన్న పొద్దున ఎయిర్‌పోర్టు లోపలి మలుపులో స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. తెల్ల టాక్సీ తిరగవలసిన చోట తిరగక, డివైడరును గీరుకుంటూ ఆగింది. వెనక సీట్లో ఉన్నాయనకు దెబ్బ తగల్లేదు గానీ విమానం అందలేదు. ఆయన ఫిర్యాదు సాయంత్రానికల్లా టాక్సీల యజమాని రాఘవేందర్‌కు చేరింది.

ఇవాళ ముగ్గురూ శంషాబాద్‌లో, అనంతయ్య షెడ్డులో ఉన్నారు. షెడ్డులో కుర్చీ ఒకటే. దేవుడి పటం, దసరా నాటి ఫోటో, టైర్ల క్యాలెండరు వేలాడే గోడకు వీపు ఆనించి రాఘవేందర్ అందులో కూర్చున్నాడు. అతని ఎనిమిది టాక్సీలకూ మరమ్మతు ఇక్కడే. యాదయ్య నిలబడే ఉన్నాడు.

"నాలుగేండ్ల సంది నడుపుతున్న సార్. బండికి ఒక్క గీత వడనియ్యలే. నిన్న డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ బత్తి ఎలిగింది, ఇగ స్టీరింగ్ బండరాయి లెక్క అయింది."

"అది రాయి అయిందో, నువ్వు కునుకు తీసినవో ఇప్పుడే తేలుతది," అన్నాడు రాఘవేందర్. "ఏమంటవ్ అనంతన్నా?"

అనంతయ్య బండి తలుపు తీసి లోపలికి వంగాడు. యాదయ్యకు డ్రైవింగ్ నేర్పింది అతనే. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది రాఘవేందర్ దగ్గర పనికి కుదిర్చిందీ అతనే. బండిలోని కంప్యూటర్లతో మాట్లాడే స్కానర్ వైరును డాష్‌బోర్డు కింద గుచ్చి, తెర వైపు చూస్తున్నాడు.

ఇంజన్ కంప్యూటరు పలికింది. బ్రేకుల కంప్యూటరు పలికింది. స్టీరింగ్ కంప్యూటరును అడిగితే మాత్రం జవాబు లేదు. మూడుసార్లు అడిగి చూశాడు.

"స్టీరింగ్ పలుకుతలేదు. దానికీ మిగిలిన బండికీ మాట నడుస్తలేదు."

యాదయ్య ముఖం వెలిగింది. "సూసిన్రా సార్? నేను జెప్పలే?"

"జర ఆగు. మాట ఎందుకు బందైందో గూడ చెప్పనియ్యి," అన్నాడు రాఘవేందర్.

అనంతయ్య ఫ్యూజులు చూశాడు. బ్యాటరీ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. యాదయ్యను లోపల కూర్చోబెట్టి, తాను బానెట్ ఎత్తి, స్టీరింగ్‌కు పోయే తీగలను చోటుచోటునా పట్టుకుని కదిలించసాగాడు.

"బత్తి?"

"ఎలుగుతనే ఉంది అన్నా."

"ఇప్పుడు?"

"గట్లనే ఉంది."

చెయ్యి బ్యాటరీ వెనక్కి పోయింది.

"ఆరింది! అన్నా, ఆరింది! అరే, మల్ల ఎలిగింది."

అక్కడ రెండు సన్నటి తీగలు కలిసే కనెక్టరు ఉంది. అనంతయ్య దాన్ని ఊడదీసి వెలుతురుకు పట్టాడు. పిన్నులకు పచ్చగా చిలుము. చుట్టూ బంకలా ఎండిన తేమ. గాడిలో ఇరుక్కున్న గోధుమరంగు పీచు.

అతని చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

రాఘవేందర్ లేచి వచ్చాడు. "ఏందన్నా అది?"

"నీళ్ళు పోయినయి."

"వాన నీళ్ళా?"

అనంతయ్య ఆ పీచును వేలికొసతో తాకాడు.

"కొబ్బరినీళ్ళు."

రాఘవేందర్ ఆ పీచును గోటితో లాగి చూసి, యాదయ్య వైపు తిరిగాడు. "పూజ జేసినవా? నా బండికి? బానెట్ లేపి?"

యాదయ్య బండి దిగాడు. అనంతయ్య వైపు చూశాడు. అనంతయ్య పిన్నులను గుడ్డతో తుడుస్తున్నాడు. యాదయ్య చూపు ఒకసారి గోడ దాకా పోయి, నేల మీదికి దిగింది.

"దసరాకు కొబ్బరికాయ కొట్టినం సార్."

"ఎవడన్న టైరు ముంగట కొడ్తడు. ఇంజన్ మీద వోస్తడా? అది ఇంజనా, శివలింగమా? తీగలకు అభిషేకం జేసి, స్టీరింగ్ బండరాయి అయిందని నాకే జెప్తవా?"

"తప్పయింది సార్."

"మనిషి వోతే ఎవని మీదికొచ్చు?"

అనంతయ్య గుడ్డను పక్కన పెట్టాడు. "రాఘవేందర్ సాబ్..."

"నువ్వు వెనకేసుకు రాకన్నా. నువ్వు వెట్టించిన మనిషని ఇన్నొద్దులు సూసిన."

అనంతయ్య మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

యాదయ్య తాళంచెవి ఇచ్చేశాడు. బండిలోంచి తన నీళ్ళ సీసా, దువ్వెన, సీటు మీద పరిచిన తువ్వాల తీసుకున్నాడు. తువ్వాల అంచున ఎంత ఉతికినా పోని పసుపు మరక ఉంది. మరక లోపలికి పోయేలా మడిచి భుజాన వేసుకున్నాడు.

చిలుము గీకి, పిన్నులు శుభ్రం చేసి, కనెక్టరు బిగించాక బత్తి ఆరిపోయింది. రాఘవేందర్ ఒంటివేలితో స్టీరింగ్ తిప్పి చూసి నవ్వాడు.

"ఏం చెయ్యి అన్నా నీది! మిగిలిన ఏడు బండ్లు గూడ తోలిస్త. ఏ భక్తుడు ఏడ ఏం వోసిండో, జర నువ్వే చూడు."

అనంతయ్య తల ఎత్తలేదు. రాఘవేందర్ తానే బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

"పోయొస్త అన్నా," అన్నాడు యాదయ్య. నాలుగడుగులు వేసి ఆగాడు. "చేతులు కడుక్కో. చిలుమయింది."

అతను రోడ్డు దాటి బస్సు కోసం నిలబడేదాకా అనంతయ్య అక్కడే ఉన్నాడు. తర్వాత రెండుసార్లు సబ్బు రుద్ది చేతులు కడిగాడు. కుర్చీ ఎక్కి దసరా ఫోటోను గోడ నుంచి తీశాడు. దుమ్ము తుడిచాడు.

ఫోటోలో, బానెట్ ఎత్తిన అదే తెల్ల టాక్సీ ముందు, బ్యాటరీ మీద తువ్వాల కప్పబోతున్న యాదయ్యను మోచేత్తో పక్కకు నెడుతూ, పగిలిన కొబ్బరికాయను ఇంజన్ మీదికి వంచి నవ్వుతున్నవాడు అనంతయ్య.